వాటర్ వాష్ తర్వాత మిస్సింగ్: చెన్నైలో కారు ఇంజిన్ కడిగే పద్ధతి

వాటర్ వాష్‌కి వెళ్ళిన కారు తళతళలాడుతూ తిరిగొస్తుంది. మొదటి సిగ్నల్ దగ్గర ఆగగానే స్టీరింగ్ వణుకుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే కుదుపులు, డ్యాష్‌బోర్డులో పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ. మెకానిక్‌లు దీన్నే మిస్సింగ్ అంటారు, అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు మండకుండా పోతోందని. పెట్రోలు కార్లలో దీనికి కారణం చాలాసార్లు ఒక్కటే. స్పార్క్ ప్లగ్గు కూర్చునే గుంటలోకో, దాని మీదుండి దానికి కరెంటు పంపే కాయిల్ కనెక్టర్‌లోకో నీళ్ళు చేరాయి. ఎన్ని నీళ్ళు పోశారని కాదు, పోసినవి ఎక్కడ నిలిచాయని చూడాలి. అందుకే ఈ పద్ధతిలో కడగడానికి అరగంట పడితే ఆరబెట్టడానికి గంటన్నర పడుతుంది. అంత తీరిక లేని రోజు ఇంజిన్ జోలికి పోకండి.

అసలు కడగాలా?

ఇంజిన్ మీద పొడి దుమ్ము ఉంటే నష్టమేమీ లేదు. అది నూనెతో కలిసి గడ్డకట్టినప్పుడే ఇబ్బంది. ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో కనబడదు, నూనెలో నానిన రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి. చెన్నైలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కనుక, అవి వెళ్ళాక జనవరిలో ఒకసారి కడిగితే ఏడాదికి చాలు. బెసంట్ నగర్, తిరువాన్మియూర్, ఈస్ట్ కోస్ట్ రోడ్ (ఈసీఆర్) వైపు సముద్రపు గాలి తగిలేచోట ఉండేవాళ్ళు మధ్యమధ్య తడిగుడ్డతో తుడుస్తూ, బ్యాటరీ టెర్మినళ్ళకీ ఎర్త్ వైరు బోల్టులకీ చిలుము పట్టిందేమో చూసుకోవాలి.

ఆయిల్ లీకు అనుమానం ఉంటే కడగకముందే ఫోటోలు తీసిపెట్టండి. కడిగేశాక మెకానిక్‌కి చూపించడానికి ఏమీ మిగలదు.

ఏ నీళ్ళు వాడాలి

చాలా పేటల్లో బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. ఆరాక అల్యూమినియం మీద తెల్లటి మరకలు మిగులుతాయి. అంతకన్నా చెడ్డవి ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్ళు. వాటిని బకెట్లో పట్టి కారు కడగడం అపార్ట్‌మెంట్లలో అలవాటైపోయింది. నీళ్ళు వృథా కాకూడదనే ఉద్దేశం మంచిదే గానీ, ఫిల్టరు ఆపిన లవణాలన్నీ ఆ నీళ్ళలోనే ఉంటాయి. ఉప్పు కలిసిన నీటిలో కరెంటు సులువుగా పారుతుంది. ఆ నీరు ఆరిపోయినా కనెక్టర్ పిన్నుల మీద పొర మిగిలి, తర్వాత గాలిలో తేమ తగిలినప్పుడల్లా చిలుము పడుతుంది. నగరానికి సరఫరా అయ్యే మెట్రో వాటర్ గానీ, ఇంట్లో తాగే ఆర్వో నీళ్ళు గానీ వాడండి. మొత్తం నాలుగైదు లీటర్లు చాలు కాబట్టి ఖర్చు గురించి ఆలోచించక్కర్లేదు.

ఆ నాలుగైదు లీటర్లకి గొట్టం అవసరం లేదు. మొక్కలకి మందు కొట్టే 2 లీటర్ల చేతిపంపు స్ప్రేయర్లు రెండు కొనండి. ఒకటి డీగ్రీజర్‌కి (జిడ్డు వదిలించే మందు), ఒకటి మంచినీళ్ళకి. నీళ్ళలో కలిసే రకం డీగ్రీజర్, ఒకటిన్నర అంగుళం పెయింట్ బ్రష్, పాత టూత్‌బ్రష్, నాలుగైదు పాత బనియన్లు, పాలిథీన్ సంచులు, రబ్బరు బ్యాండ్లు, 10 నంబరు పానా, బ్లోయర్ సిద్ధం చేసుకోండి. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు. కనెక్టర్లకుండే రబ్బరు సీళ్ళు వాన తుంపర్లకి తట్టుకునేలా చేసినవి. నూరు బార్ల ఒత్తిడితో దగ్గర్నుంచి కొట్టే నీళ్ళు ఆ సీళ్ళని తోసుకుని లోపలికి పోతాయి. పోయినవి బయటికి రావు, ఎందుకంటే అదే సీలు అప్పుడు మూత అవుతుంది.

కిరోసిన్, పెట్రోలు, డీజిల్‌తో ఇంజిన్ తుడిచే పాత అలవాటు ఇంకా కొన్ని షెడ్లలో ఉంది. నిప్పు భయం ఒకటి, రబ్బరు పాడవడం రెండోది. పైగా డీజిల్ పూసిన ఇంజిన్ రెండు రోజులు మెరిసి, మూడోనాటికి ముందున్న దానికంటే ఎక్కువ దుమ్ము పట్టుకుంటుంది.

కడిగేముందు

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బండి ఆపి కనీసం రెండు గంటలు అయి ఉండాలి, ఎండాకాలం ఇంకో గంట కలుపుకోండి. ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే గొట్టాల సెట్టు, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, కాలుతున్నప్పుడు దాని మీద చల్లటి నీళ్ళు పడితే పోత ఇనుము బీటలివ్వొచ్చు. ఆక్సిజన్ సెన్సర్‌లో పింగాణీ భాగం ఉంటుంది, అది ఇంకా సున్నితం. టర్బో ఉన్న బండ్లకి ఈ జాగ్రత్త రెట్టింపు. పొద్దున్న ఏడింటికి, బండి రాత్రంతా నిలిచి ఉన్నప్పుడు, నీడలో మొదలుపెట్టడం అన్నిటికన్నా మేలు. ఎండలో చేస్తే డీగ్రీజర్ మీరు బ్రష్ అందుకునేలోపే ఎండి మరకలు కడుతుంది.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ వైరు విప్పి, మళ్ళీ టెర్మినల్‌కి తగలకుండా పక్కకి వంచి పెట్టండి. తిరిగి బిగించాక గడియారం, పవర్ విండోల ఆటో పద్ధతి మళ్ళీ సెట్ చేసుకోవలసి రావచ్చు. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి కనబడితే గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి టూత్‌బ్రష్‌తో రుద్దండి. బ్యాటరీ మూతల్లోకి ఆ నీళ్ళు దిగకూడదు. ఆరి బిగించాక పైన పల్చగా పెట్రోలియం జెల్లీ రాయండి.

తర్వాత ఇంజిన్ పైనుండే ప్లాస్టిక్ కవర్ ఊడదీయండి. చాలా వాటిలో నాలుగు రబ్బరు బొడిపెల మీద కూర్చుంటుంది, పైకి లాగితే వచ్చేస్తుంది. దాన్ని విడిగా కడగవచ్చు. కవర్ అలాగే ఉంచి కడిగితే దాని అడుగునున్న స్పాంజి నీళ్ళు పీల్చుకుని, గంటల తరబడి బొట్టుబొట్టుగా సరిగ్గా కాయిళ్ళ మీదకే వదులుతుంది. పొద్దున్న కడిగితే సాయంత్రం మిస్సింగ్ మొదలైన బండ్లలో ముందు చూడాల్సింది ఈ స్పాంజినే.

పాలిథీన్ కప్పాల్సినవి: బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, ఫ్యూజు బాక్సు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), ఎయిర్ ఫిల్టర్ డబ్బా, గాలి పీల్చే దాని మూతి, కాయిళ్ళ వరస. ఆయిల్ మూత, డిప్‌స్టిక్ గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. సీఎన్‌జీ బండైతే రెగ్యులేటర్, గ్యాస్ ఇంజెక్టర్ల కనెక్టర్లు కూడా కప్పాలి. హైబ్రిడ్లలో నారింజ రంగు హై వోల్టేజి కేబుళ్ళున్న చోటికి నీళ్ళు కాదుగదా బ్రష్ కూడా తీసుకెళ్ళకండి. ఆ భాగాన్ని కంపెనీ షెడ్డుకే వదిలేయండి.

కడగడం, ఆరబెట్టడం

ముందు పొడిగా బ్రష్‌తో దులపండి. ఎండుటాకులు, ఇసుక తీసేయండి. డీగ్రీజర్‌ని డబ్బా మీద రాసిన పాళ్ళలో కలపండి. ఏమీ రాయకపోతే ఒకటికి ఐదు నీళ్ళతో మొదలుపెట్టండి. కింది నుంచి పైకి కొట్టాలి. పై నుంచి కొడితే కారిన చారలు మరకలవుతాయి. ఐదు నిమిషాలు నానాక జిడ్డున్న చోట బ్రష్‌తో రుద్దండి. ఎండనివ్వొద్దు. కాయిళ్ళ చుట్టూ, సెన్సర్ల దగ్గరా స్ప్రే అక్కర్లేదు. గుడ్డకి డీగ్రీజర్ తడి అద్ది చేత్తో తుడవండి. తర్వాత మంచినీళ్ళ స్ప్రేయర్‌తో పై నుంచి కిందికి తుంపరగా కడగండి. ఈసారి కింద పడే నీళ్ళలో నూనె ఉంటుంది, అది వాన నీటి కాలువలోకి పోకుండా బండి కింద అట్టలు గానీ ఇసుక గానీ పరవండి.

నీళ్ళు ఆపిన మరుక్షణమే పాలిథీన్లు తీసేయాలి. లోపల చేరిన ఆవిరి అక్కడే నిలిస్తే కప్పి ప్రయోజనం లేదు. ముఖ్యంగా ఎయిర్ ఫిల్టర్ మూతికి కప్పినది మరిచిపోయి సెల్ఫ్ కొట్టకండి, ఇంజిన్ దాన్ని లోపలికి లాక్కుంటుంది.

పొడి బనియన్లతో తుడిచి, బ్లోయర్‌తో ప్రతి కనెక్టర్ చుట్టూ, ప్రతి కాయిల్ మెడ దగ్గరా ఊదండి. బ్లోయర్ లేకపోతే పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి పట్టించవచ్చు. గన్ను అడుగు దూరంలో పెట్టమనండి, ఆనించి కొడితే ప్రెషర్ వాషర్ చేసిన పనే గాలీ చేస్తుంది. బానెట్ తెరిచి గంటసేపు ఎండలో ఉంచండి. అప్పుడు బ్యాటరీ బిగించి, స్టార్ట్ చేసి, పదిహేను నిమిషాలు ఐడ్లింగ్‌లో వదిలేస్తే మిగిలిన తేమ ఆ వేడికి పోతుంది. మొదట్లో బెల్టు కీచుమంటే కంగారు పడకండి, ఆరగానే ఆగుతుంది. ఆగకపోతే బెల్టు మీద డీగ్రీజర్ మిగిలిందని అర్థం. బండి ఆపి నీళ్ళతో మరోసారి కడగాలి. మెరుపు కోసం సిలికాన్ స్ప్రే కొట్టే వాటర్ వాష్ కుర్రాళ్ళని బెల్టు వైపు రానివ్వకండి.

మిస్సింగ్ వచ్చిందంటే

చెక్ లైటు, అంటే ఆ పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ, నిలకడగా వెలుగుతోందా, మినుకుమంటోందా అన్నది మొదట చూడండి. మినుకుమంటుంటే బండి పక్కకి తీసి ఆపేయాలి. మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోయి, పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో మండుతోందని దానర్థం. ఆ వేడికి లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోతుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి, నాలుగు కాయిళ్ళు మార్చినా దాని ధరకి దగ్గరికి రావు. 'నడిపితే అదే ఆరిపోతుందిలే' అనే సలహా ఇచ్చేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

లోపల జరిగేది ఇది. కాయిల్ నుంచి ప్లగ్గుకి 20,000 వోల్టులకు పైగా వెళ్తుంది. పొడిగా ఉన్నప్పుడు నిప్పురవ్వకి ప్లగ్గు కొన దగ్గరి సందు ఒక్కటే దారి. గుంటలో నీళ్ళుంటే కాయిల్ రబ్బరు తొడుగు తడి మీదుగా ఇంజిన్ లోహంలోకి దిగిపోవడం ఇంకా సులువు. సిలిండర్‌లో గాలి, పెట్రోలు మండకుండానే బయటికి పోతాయి. అలా పదేపదే జరిగితే తొడుగు మీద, ప్లగ్గు తెల్ల పింగాణీ మీద నల్లటి సన్నని గీత పడుతుంది, పెన్సిల్‌తో గీసినట్టు. అది కర్బనం. ఒకసారి గీత పడ్డాక నీళ్ళు పూర్తిగా ఆరినా కరెంటు ఆ గీత వెంటే పోతుంది. ఇంజిన్ మీద బరువు పడ్డప్పుడు రవ్వకి ఎక్కువ వోల్టేజి కావాలి, అందుకే కొన్ని బండ్లు ఐడ్లింగ్‌లో బాగానే ఉండి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రమే కొట్టుకుంటాయి.

ఏ సిలిండర్ అన్నది తెలుసుకోవడానికి ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే పరికరం) పెట్టండి. ఫోన్‌తో బ్లూటూత్‌లో పనిచేసేవి చవగ్గా దొరుకుతాయి, సాకెట్ స్టీరింగ్ కింద ఉంటుంది. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 రెండోది, అలా. పీ0300 అయితే ఏదో ఒకటని కాకుండా అటూ ఇటూ మిస్ అవుతోందని. చాలా ఇంజిన్లలో బెల్టు వైపున్నది ఒకటో సిలిండర్. నడుస్తున్న ఇంజిన్‌లో ఒక్కో కాయిల్ పీకి చూసే పాత చిట్కా వద్దు. చేతికి షాకు, కాయిల్‌కి చేటు.

ఇగ్నిషన్ ఆపండి. ఆ సిలిండర్ కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి ఊడదీయండి. ఎక్కువ బండ్లలో ఒకే 10 నంబరు బోల్టు ఉంటుంది, అది తీసి కాయిల్‌ని కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ నిటారుగా లాగండి. టార్చి వేసి గుంటలోకి చూడండి. అడుగున నీళ్ళు నిలిచి మెరుస్తుంటే ఇప్పుడే ప్లగ్గు విప్పకూడదు. విప్పితే ఆ నీళ్ళు తిన్నగా సిలిండర్‌లో పడతాయి. సన్నని గొట్టం తగిలించిన సిరంజితో పీల్చి, మిగిలినది పుల్లకి చుట్టిన గుడ్డతో అద్ది, గాలితో ఊది, అడుగు పొడిగా కనబడ్డాకే ప్లగ్గు మీద చేయి వేయాలి. అక్కడ నీళ్ళకి బదులు నూనె ఉంటే అది వాటర్ వాష్ తప్పు కాదు, వాల్వ్ కవర్ గాస్కెట్ పోయింది.

ప్లగ్గు పింగాణీ మీద నల్ల గీత, పగులు ఉంటే మార్చండి. పెట్రోలుతో తడిసి ఉంటే ఆరబెట్టి పెట్టవచ్చు. తిరిగి బిగించేటప్పుడు మొదటి చుట్లన్నీ చేత్తోనే, ఇంజిన్ హెడ్ అల్యూమినియం కనుక మర తప్పితే పని పెద్దదవుతుంది. 14 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గుకి సాధారణంగా 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగింపు, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం. కనెక్టర్ పిన్నుల్లోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఐదు నిమిషాలు ఆవిరవనివ్వండి. అది మండే పదార్థం. కాయిల్ రబ్బరు తొడుగు అంచు లోపలివైపు చుట్టూ డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వనిది) బియ్యపు గింజంత రాయండి, తర్వాతి వానకి అదే అడ్డుకట్ట.

ఇంత చేసినా అదే కోడ్ వస్తుంటే ఆ కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి చూడండి. ఒకటోది రెండుకి, రెండోది ఒకటికి. కోడ్ కూడా పీ0301 నుంచి పీ0302కి మారిందంటే కాయిల్ పోయింది. మారకపోతే ప్లగ్గు, వైరింగ్, ఇంజెక్టర్ వరసగా చూసుకోవాలి. వైరింగ్ అంటే ఎలుకల్ని కూడా లెక్కలో పెట్టుకోండి, వానాకాలంలో బానెట్ కింద చేరి ఇన్సులేషన్ కొరుకుతాయి, నింద కడిగినవాడి మీద పడుతుంది. కొత్త కాయిల్‌కి మౌంట్ రోడ్ పక్కనే జీపీ రోడ్ షాపులున్నాయి. పుదుపేటలో పాత కాయిల్ సగం ధరకి వస్తుంది గానీ, రబ్బరు లోపలి పగులు బయటికి కనబడదు. అద్దమో డోరో అయితే పుదుపేట, కాయిల్ మాత్రం కొత్తదే.

కడగకపోయినా వాన రోజుల్లో మాత్రమే మిస్సింగ్ వచ్చే బండ్లుంటాయి. వాటిలో ముందు విండ్‌షీల్డ్ కింద నల్లటి జాలీ చూడండి. చెట్టు కింద నిలిపే బండిలో ఆ జాలీ కిందున్న నీటి దారి ఆకులతో పూడిపోయి, నీళ్ళు పొంగి ఇంజిన్ వెనక భాగం మీద పడతాయి. అద్దం మూల మీద ఒక చెంబు నీళ్ళు పోయండి. ముందు చక్రం వెనక నేల మీద కారితే సరే, ఇంజిన్ మీదకి కారితే ఆకులు తీయించండి.

డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గులే లేవు కనుక ఈ గొడవ తక్కువ. దాని సమస్య ఇంధనంలో నీళ్ళు. డీజిల్ ఫిల్టర్ అడుగున స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులో కొంచెం పట్టండి, నీళ్ళుంటే అడుగుకి చేరి వేరే పొరగా కనిపిస్తాయి. హై ప్రెషర్ పైపుల నట్లు మాత్రం ముట్టుకోకండి.

నిలిచిన నీళ్ళలో బండి ఆగితే

ఇది వాటర్ వాష్ లాంటి విషయం కాదు. టీ.నగర్ దురైసామి సబ్‌వే, గణేశపురం సబ్‌వే, వేళచ్చేరి సందులు, ఎక్కడైనా సరే, నీళ్ళలో ఇంజిన్ దానంతటది ఆగిందంటే మళ్ళీ సెల్ఫ్ కొట్టకూడదు. ఒక్కసారి కూడా. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ పది రెట్లయితే పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు 33 సీసీ మాత్రమే. అంతకంటే ఎక్కువ నీళ్ళు, అంటే రెండు పెద్ద చెంచాలకి కాస్త మించి, లోపలికెళ్తే చాలు. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేం. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కంప్రెషన్ 16 రెట్లున్న 1.5 లీటర్ల డీజిల్‌లో ఆ చోటు 25 సీసీయే.

న్యూట్రల్‌లో పెట్టి తోయించి ఒడ్డుకి చేర్చండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. కాగితం పొడిగా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు, ఆగడానికి కారణం తడిసిన కాయిళ్ళే కావచ్చు, పైన చెప్పినట్టు ఆరబెట్టండి. తడిగా ఉంటే డిప్‌స్టిక్ లాగి చూడండి. నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి కూడా చేరాయి. అప్పుడిక టోయింగే, అదీ నాలుగు చక్రాలూ పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్.

ఫిల్టర్ తడిసినా నూనె మంచి రంగులోనే ఉండి, చేతి పనిముట్లున్న మెకానిక్ పక్కనుంటే, నాలుగు ప్లగ్గులూ విప్పించి, కాయిల్ కనెక్టర్లు తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకించి, అప్పుడు సెల్ఫ్ కొట్టమనండి. నీళ్ళుంటే ప్లగ్గు రంధ్రాల్లోంచి చిమ్ముతాయి, మొహం దూరంగా పెట్టుకోవాలి. చిమ్మడం ఆగాక ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి, ప్లగ్గులు బిగించి, కొత్త ఆయిల్, ఫిల్టర్‌లతో స్టార్ట్ చేయాలి. పది నిమిషాలు ఐడ్లింగ్‌లో నడిపాక ఆ కొత్త ఆయిల్ కూడా పారబోసి మళ్ళీ మార్చాలి. డబ్బు దండగ అనిపిస్తుంది గానీ లోపల మిగిలిన తేమంతా ఆ మొదటి ఆయిల్‌లోకే చేరుతుంది.

ఇవేవీ విప్పకముందే నీటిమట్టం బండి మీద ఎక్కడిదాకా వచ్చిందో కనబడేలా ఫోటో తీసి ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పండి. మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీ నీళ్ళలో సెల్ఫ్ కొట్టడం వల్ల పాడైన ఇంజిన్‌కి సాధారణంగా డబ్బివ్వదు, దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకోవాలి. ఆ కవర్‌లో కూడా నీళ్ళలో ఆగిన బండిని మళ్ళీ స్టార్ట్ చేస్తే ఇవ్వమనే షరతు ఉందేమో, అక్టోబరు రాకముందే పాలసీ తీసి చదువుకోండి.